‘టెంపరెన్స్’: ఒక మాట కథ

మనుషుల వలెనే మాటలకూ పుట్టిన ఊరు ఉంటుంది, వలస వెళ్ళిన దారి ఉంటుంది. చేరిన చోట అవి కొత్త బంధుత్వాలు కలుపుకొంటాయి. కొన్ని పాత చుట్టరికాలను మరచిపోతాయి. పొరుగు భాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న తెలుగువారికి ఈ సంగతి ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట ఒక అర్థంతో పలికే మాట వీధిలో మరొక అర్థం ఇవ్వడం వారికి నిత్యానుభవమే. అట్లా ఇల్లు విడిచి, దేశాలు తిరిగి, చివరకు తన అసలు అర్థాన్నే చాలవరకు పోగొట్టుకొన్న మాటలలో ఆంగ్ల పదమైన ‘టెంపరెన్స్’ ఒకటి.

విద్యార్థి నిఘంటువు తెరచి చూస్తే ఈ పదానికి మితత్వం, ఆత్మనిగ్రహం, మద్యపాన విరమణ అనే అర్థాలు కనిపిస్తాయి. మూడూ ఒక్కటే అన్నట్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. కాని మితంగా తినడం వేరు, మనసును అణచుకోవడం వేరు, మద్యాన్ని పూర్తిగా మానడం వేరు. ఇన్ని వేర్వేరు భావాలు ఒకే మాట గొడుగు కిందికి ఎట్లా చేరినవో తెలుసుకోవాలంటే రెండువేల సంవత్సరాలు వెనుకకు, రోము నగరం దాకా నడవాలి.

నిగ్రహాన్ని చెప్పే మాటల కుటుంబం

ఆత్మనిగ్రహాన్ని తెలిపే ఆంగ్ల పదాలలో పెక్కు లాటిన్ సంతతివే. అబ్‌స్టినెన్స్ అనే మాటలో ‘దూరంగా’ అనే ఉపసర్గ, ‘పట్టి ఉంచు’ అనే అర్థం గల టెనేరె అనే క్రియ ఉన్నవి. అనగా ఒక వస్తువునుండి తనను దూరంగా పట్టి ఉంచుకోవడం. కాంటినెన్స్ అనే మాటలోనూ అదే క్రియ ఉన్నది. అక్కడ అర్థం చెదరకుండా కలిపి పట్టి ఉంచడం. ఈ టెనేరె సంస్కృతంలోని ‘తన్’ ధాతువుకు జ్ఞాతి. మన తంతువు, తంత్రం ఆ ధాతువునుండి వచ్చినవే. సోబర్ అనే మాటకు మూలమైన సోబ్రియుస్‌లో ‘ఎబ్రియుస్’ దాగి ఉన్నది. ఎబ్రియుస్ అనగా మత్తుగొన్నవాడు, సోబ్రియుస్ అనగా మత్తు లేనివాడు. మోడరేషన్ అనేది మోడుస్ అనే మాటనుండి వచ్చింది. మోడుస్ అనగా కొలత.

మన భాషలోని మాటలనూ ఈ దృష్టితో చూడవచ్చు. నిగ్రహం అనగా కిందికి అణచి పట్టడం. సంయమనం అనగా బాగుగా అదుపులో ఉంచడం. దమం అనగా మచ్చిక చేయడం, లొంగదీయడం. లాటిన్‌లోని డొమారె, ఆంగ్లంలోని టేమ్ అనే మాటలు ఈ ‘దమ్’ ధాతువుకు బంధువులే. మితం అనగా కొలచినది. ఈ విధంగా రెండు భాషలలోనూ నిగ్రహాన్ని చెప్పే మాటలు కొన్ని పట్టునుండి, కొన్ని కొలతనుండి పుట్టినవి. అయితే టెంపరెన్స్ పుట్టుక వీటికి భిన్నమైనది. అది పుట్టింది కలపడంనుండి.

ద్రాక్షాసవంలో నీరు

లాటిన్‌లో ‘టెంపెరారె’ అనే క్రియ ఉన్నది. తగిన పాళ్ళలో కలపడం, సమంగా ఉండేటట్లు సరిచేయడం, హద్దులో ఉంచడం దాని అర్థాలు. ‘టెంపుస్’ అనే మాటతో దీనికి చుట్టరికం ఉన్నదని నిఘంటుకర్తలలో అధికులు భావిస్తారు. టెంపుస్ అనగా కాలం, ముఖ్యంగా ఒక పనికి తగిన కాలం. వేళ ఎరిగి, పాలు ఎరిగి చేయడమే టెంపెరారె అన్నమాట.

ఈ క్రియ రోమనుల నిత్యజీవితంలో పదేపదే వినిపించిన చోటు భోజనశాల. గ్రీకులు గాని రోమనులు గాని సాధారణంగా ద్రాక్షాసవాన్ని నీరు కలపకుండా తాగేవారు కారు. విందులో ఎన్ని పాళ్ళ నీరు, ఎన్ని పాళ్ళ ఆసవం కలపాలన్నది ముందుగా నిర్ణయించుకొనేవారు. నీరు కలపని ఆసవాన్ని ‘మేరుం’ అనేవారు. దానిని అట్లాగే తాగడం అనాగరికుల లక్షణమని వారి భావన. కల్తీ లేని, మరేమీ కలవని అనే అర్థం గల ఆ మాటయే ఆంగ్లంలో ‘మియర్’ అయి, ‘కేవలం’ అనే అర్థంతో నేటికీ వాడుకలో ఉన్నది. రోమను దృష్టిలో మేరుం తాగేవాడు హద్దు తప్పినవాడు. ఏమీ తాగనివాడు ఆ పోలికలోకి రానే రాడు. పాళ్ళు తెలిసి కలుపుకొనేవాడే టెంపెరాంటియా గలవాడు. తరువాతి కాలంలో ఈ మాటకు పట్టిన గతిని గ్రహించడానికి ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం.

సిసెరో చేతిలో శాస్త్ర పదం

భోజనశాలనుండి ఈ మాటను తత్త్వశాస్త్రంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు మార్కుస్ తుల్లియుస్ సిసెరో. ఇతడు క్రీ.పూ. 106లో జన్మించిన మహావక్త, రాజనీతిజ్ఞుడు. గ్రీకుల తత్త్వచింతనను లాటిన్‌లో చెప్పాలన్నది ఇతని సంకల్పం. తమ భాషలో శాస్త్ర విషయాలు చెప్పడానికి మాటలు చాలవని చాలామంది రోమనులే అనుకొంటున్న కాలమది. మాతృభాషలో బోధన సాగించే ఏ విద్యాలయానికైనా సిసెరో ఎదుర్కొన్న ఆ సమస్య పరిచితమైనదే.

గ్రీకులకు ‘సోఫ్రోసినే’ అనే గొప్ప మాట ఉన్నది. క్షేమమైన, చెడని మనసు కలిగి ఉండడం అని దాని అవయవార్థం. ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథంలో వివేకం, ధైర్యం, న్యాయం అనే వాటితోపాటు దీనిని నాలుగు మూల సద్గుణాలలో చేర్చాడు. అరిస్టాటిల్ దీనిని భోగలాలసకూ, ఏ సుఖమూ పట్టని జడత్వానికీ నడుమ నిలిచే గుణంగా నిరూపించాడు. ఇట్టి మాటను లాటిన్‌లో దేనితో చెప్పడం?

యౌవనంలో రచించిన వాదకళా గ్రంథంలోనే సిసెరో నాలుగు సద్గుణాలలో ఒకదానికి టెంపెరాంటియా అని పేరు పెట్టి, దాని కింద ఇంద్రియ సంయమం, క్షమ, వినయం అనే భాగాలు చూపాడు. క్రీ.పూ. 45లో కుమార్తె తుల్లియా మరణించిన దుఃఖంలో, టుస్కులుంలోని తన నివాసం పేరుమీద సంవాద గ్రంథం రచించాడు. అందులో మనసుకు కలిగే వేదనను గూర్చి చర్చిస్తూ, సోఫ్రోసినేను తాను ఒకప్పుడు టెంపెరాంటియా అనీ, ఒకప్పుడు మోడెరాటియో అనీ, అప్పుడప్పుడు మోడెస్టియా అనీ అంటుంటాననీ, పొదుపును తెలిపే ఫ్రుగాలిటాస్ అనే మాట కూడా తగవచ్చుననీ వివరించాడు. ఒక్క గ్రీకు మాటకు నాలుగు లాటిన్ మాటలు! అనువాదకుని కష్టాన్ని ఇంతకన్న నిజాయతీగా చెప్పినవారు అరుదు. నాలుగింటిలో కాలక్రమాన మిక్కిలి నిలదొక్కుకొన్నది టెంపెరాంటియాయే.

ఈ గుణాన్ని గూర్చి ఇంత రాసిన సిసెరో తన ప్రత్యర్థి మార్క్ ఆంటోనీని ఫిలిప్పిక్కులనే ప్రసంగాలలో తీవ్రంగా దూషించాడు. ముందు రోజు పెండ్లివిందులో మితిమీరి తాగి, మరునాడు ప్రజలముందు వాంతి చేసుకొన్నవాడని రెండవ ప్రసంగంలో ఎత్తిపొడిచాడు. దాని ఫలితం క్రీ.పూ. 43లో కనిపించింది. ఆంటోనీ మనుషులు సిసెరోను చంపి, అతని శిరస్సునూ చేతులనూ రోము నగర సభావేదికపై ప్రదర్శించారు. పానంలో హద్దు తప్పిన మనిషి ప్రతీకారంలోనూ హద్దు తప్పాడు.

అధికారంలో ఉన్నవానికి టెంపెరాంటియా ఎంత ముఖ్యమో తరువాతి శతాబ్దంలో సెనెకా చెప్పాడు. క్రీ.శ. 55, 56 ప్రాంతంలో యువ చక్రవర్తి నీరో కోసం రచించిన క్షమాగుణ గ్రంథంలో, పగ తీర్చుకొనే శక్తి చేతిలో ఉన్నప్పుడు మనసు చూపే టెంపెరాంటియాయే క్షమ అని నిర్వచించాడు. శిష్యుడు ఆ పాఠం నేర్వలేదు. 65వ సంవత్సరంలో గురువును ఆత్మహత్య చేసుకొమ్మని ఆజ్ఞాపించింది ఆ నీరోయే. ఈ రెండు కథలనుబట్టి ఆనాడు ఈ మాట పానపాత్రకు మాత్రమే పరిమితం కాలేదనీ, కోపం, అధికారం, వాక్కు, సంపద అన్నింటికీ వర్తించేదనీ స్పష్టమవుతుంది.

తలుపు కీలు, కట్టిన కత్తి

నాలుగవ శతాబ్దిలో మిలాన్ బిషప్ అంబ్రోస్ ప్లేటో చెప్పిన నాలుగు గుణాలను క్రైస్తవ ధర్మంలోకి తీసుకొని వాటిని ‘కార్డినల్’ గుణాలు అన్నాడు. కార్డో అనగా లాటిన్‌లో తలుపు తిరిగే కీలు. జీవితమనే తలుపు తిరగడానికి ఈ నాలుగూ కీళ్ళవంటివని భావం. పదమూడవ శతాబ్దిలో థామస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో ఈ గుణానికి ఎన్నో ప్రకరణాలు కేటాయించాడు.

చిత్రకారులు కూడా దీనికి రూపం కల్పించారు. ఒక స్త్రీ ఒక పాత్రనుండి మరొక పాత్రలోకి నీరు వంచుతూ ఉండడం ఒక సంప్రదాయం. ఆసవంలో నీరు కలిపే పాత అర్థం ఆ బొమ్మలో నిలిచి ఉన్నది. కాని 1305 ప్రాంతంలో ఇటలీలోని పాడువా నగరపు స్క్రొవేన్యీ ప్రార్థనాలయంలో జొట్టో చిత్రించిన మూర్తి వేరు. అక్కడ ఆమె నోట కళ్ళెం ఉన్నది. చేతిలోని కత్తి ఒరకు పట్టీలతో చుట్టి బిగించి ఉన్నది. ఒక చిత్రం కలపడాన్ని, ఒక చిత్రం బంధించడాన్ని చూపుతున్నవి. ఈ రెండు భావాల నడుమ పెనుగులాట మాట చరిత్రలో అటుపై ఆగలేదు.

ఆంగ్లంలో అడుగుపెట్టిన బంధుగణం

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు వేలసంఖ్యలో ఆంగ్లంలో ప్రవేశించాయి. టెంపరెన్స్ కూడా ఆ దారినే పదునాలుగవ శతాబ్దిలో ఆంగ్ల రచనలలో కనిపిస్తుంది. ఒంటరిగా రాలేదు, చుట్టాలతో వచ్చింది. శరీరంలో నాలుగు ధాతువుల కలయికనుబట్టి ఏర్పడే స్వభావం టెంపరమెంట్. వాతపిత్తకఫాల సమత్వాన్ని ఎరిగిన ఆయుర్వేద దేశస్థులకు ఈ ఊహ కొత్తది కాదు. శీతోష్ణాల కలయిక టెంపరేచర్. గుడ్డుసొనతో రంగులు కలిపి వేసే చిత్రం టెంపెరా. స్వరాలను ఒకదానితో ఒకటి సర్దుబాటు చేసి వాద్యాన్ని శ్రుతి చేయడం కూడా టెంపరమెంటే. మన నాటక రంగస్థలంపై వెలసిన హార్మోనియం మెట్లు ఆ సర్దుబాటు ప్రకారం అమర్చినవే. టెంపుస్‌నుండి పుట్టిన మరొక మాట టెంపెస్ట్, అనగా తుపాను. షేక్స్పియర్ హామ్లెట్ నాటకంలో నటులకు బోధించే ఘట్టంలో టెంపెస్ట్, టెంపరెన్స్ అనే ఈ రెండు దాయాదులనూ ఒకే వాక్యంలో ప్రయోగించాడు. ఆవేశం తుపానువలె చెలరేగినప్పుడు కూడా నటుడు హద్దు తెలిసి పలకాలన్నది అక్కడి ఉపదేశ సారాంశం.

ఈ బంధువులలో మిక్కిలి విచిత్రమైన గతి పట్టింది ‘టెంపర్’ అనే మాటకు. మొదట దాని అర్థం మనసులోని సమత్వం. టెంపర్ పోగొట్టుకొన్నాడంటే ఆ సమత్వం తప్పి కోపగించుకొన్నాడని అర్థం. క్రమంగా ఆ కోపమే టెంపర్ అయింది. నేడు తెలుగునాట ‘వాడికి టెంపర్ ఎక్కువ’ అంటే సమత్వం ఎక్కువ అని ఎవరూ అనుకోరు.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు గలతీయుల పత్రికలో ఆశానిగ్రహాన్ని తెలిపే గ్రీకు మాటకు టెంపరెన్స్ అనే అనువదించింది. 1946లో వెలువడిన సవరించిన ప్రామాణిక అనువాదపు కొత్త నిబంధనలో అదే చోట ‘సెల్ఫ్ కంట్రోల్’ అనే మాట చేరింది. ఈ రెండు అనువాదాల నడుమ కాలంలో టెంపరెన్స్ మరొక ఇంటి మాటయైపోయింది.

మితంనుండి నిషేధానికి

పద్దెనిమిదవ శతాబ్దిలో బట్టీసారాలు చవుకగా, విరివిగా దొరకడంతో ఇంగ్లండు, అమెరికాలలో ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి. వైద్యుడు బెంజమిన్ రష్ వాటి కీడును గూర్చి ప్రచారం చేశాడు. ఆయన వ్యతిరేకించింది ఘాటైన బట్టీసారాలనే. తేలికపాటి ద్రాక్షాసవాన్ని, బీరును మితంగా తీసుకోవడాన్ని కాదు. 1826లో బోస్టన్‌లో అమెరికన్ టెంపరెన్స్ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా ప్రధాన లక్ష్యం బట్టీసారాయే. అంతవరకు మాట తన పాత అర్థానికి దగ్గరగానే ఉన్నది.

1832లో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో జోసెఫ్ లివ్సీ, ఆయన సహచరులు మత్తు కలిగించే ఏ పానీయాన్నీ ముట్టబోమని ప్రతిజ్ఞ చేశారు. పేదవాని పానీయమైన బీరును విడిచి, కేవలం బట్టీసారాను నిషేధించడం వలన ప్రయోజనం లేదని వారి అనుభవం. 1836 నాటికి అమెరికన్ ఉద్యమం కూడా సంపూర్ణ విరమణ ప్రతిజ్ఞను స్వీకరించింది. 1874లో క్రైస్తవ మహిళల టెంపరెన్స్ యూనియన్ వెలసి స్త్రీలకు ప్రజాజీవితంలో ఒక వేదిక కల్పించింది. 1919లో ఆమోదం పొందిన పద్దెనిమిదవ రాజ్యాంగ సవరణతో 1920 జనవరినుండి అమెరికాలో మద్యనిషేధం అమలయింది. దొంగసారా, ముఠాల దౌర్జన్యం పెచ్చుపెరిగిన పిమ్మట 1933లో అది రద్దయింది. పాళ్ళు తెలిసి కలపడం అనే మాట ఏ పాలూ వద్దు అనే మాటగా మారడానికి ఒక శతాబ్ది చాలింది. నిషేధం పోయినా, మాటకు పోయిన అర్థం తిరిగి రాలేదు.

తెలుగునేలపై

ఈ చరిత్రలో తెలుగువారికి కూడా పాలు ఉన్నది. 1937లో రాజాజీ మంత్రివర్గం ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాతో మద్యనిషేధం ఆరంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధ సాధనను రాజ్యం ప్రయత్నించవలసిన విధిగా పేర్కొన్నది. ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధ వివాదంపైనే, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

అన్నిటికన్న స్మరణీయమైనది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సాగించిన సారా వ్యతిరేక పోరాటం. దానికి ముందు ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. రాత్రివేళ లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దిన తల్లులు తమ కూలిడబ్బు ఏ దుకాణంలో కరిగిపోతున్నదో లెక్క కట్టుకొన్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఆ ఊరి కథ వయోజనుల వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు పాకింది. 1993 అక్టోబరునుండి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం చేతుల మీదుగా సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండవది 1997లో సడలిపోయింది.

మాట పాత అర్థాన్ని చూపి ఆ తల్లులు కోరినది మితం కాదని ఎవరైనా వాదిస్తే అది తప్పు. కలిపే పాత్ర తన చేతిలో ఉన్నవానికే పాళ్ళు నిర్ణయించుకొనే వీలుంటుంది. కూలిడబ్బు ఇల్లు చేరకముందే దుకాణం చేరే చోట మితాన్ని గూర్చిన ఉపన్యాసం ఆకలి తీర్చదు. అక్కడ వారు హద్దు పెట్టింది భర్తల దాహానికి మాత్రమే కాదు, ఆ దాహంపై లాభం గడించిన వ్యాపారానికి కూడా. అధికారానికీ, సంపదకూ హద్దు ఉండాలన్న సెనెకా నాటి అర్థం, టెంపరెన్స్ అనే మాటను ఎన్నడూ వినని ఆ పల్లె స్త్రీల పోరాటంలో మళ్ళీ కనిపించింది.

పదును

ఉక్కు పనిలో టెంపరింగ్ అనే ప్రక్రియ ఉన్నది. ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలో ముంచితే అది మిక్కిలి గట్టిపడుతుంది. కాని పెళుసవుతుంది, దెబ్బకు విరుగుతుంది. అందుకని దానిని మళ్ళీ, ఈసారి తక్కువ వేడిమీద, కత్తుల వంటి వాటికైతే సుమారు 200నుండి 300 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి చల్లారుస్తారు. కొంత కాఠిన్యం పోతుంది, గట్టిదనంతోపాటు ఓర్పు వస్తుంది. ఇదే తెలుగులో పదును. తొలకరి తరువాత నేల మరీ బురద కాక, మరీ ఎండక విత్తనానికి సిద్ధంగా ఉన్న స్థితిని కూడా రైతు పదును అనే అంటాడు. కాలమూ, పాళ్ళూ రెండూ అందులో ఉన్నవి. టెంపుస్, టెంపెరారె అనే లాటిన్ మాటలు కలిసి చెప్పిన భావాన్ని మన కమ్మరి కొలిమిలో ఒకమారు, మన పొలం గట్టున ఒకమారు ఈ ఒక్క తెలుగు మాట చెబుతున్నది.

టెంపరెన్స్‌కు నిఘంటువులు నిగ్రహం అని అర్థం రాస్తాయి. అది జొట్టో చిత్రించిన కళ్ళెం. పదును అన్నది నీరు వంచే ఆ రెండవ మూర్తికి దగ్గర. బాలబాలికలకు క్రమశిక్షణ నేర్పే పెద్దలకు ఈ భేదం కేవలం నిఘంటు చర్చ కాదు. కాల్చి ముంచడంతో ఆపిన శిక్షణ పిల్లవానిని గట్టిపరచగలదు, పెళుసుగా కూడా చేయగలదు. కమ్మరి అక్కడితో పని ముగించడు. రెండవమారు, మెల్లని సెగమీద, రంగు చూస్తూ కాస్తాడు. ఎప్పుడు తీయాలో అతనికి చెప్పేది నియమావళి కాదు, చూపు.